రెండు ప్రభుత్వాల మధ్య మా పక్కింటావిడ

ఆవిడ మనింట్లో భోజనానికి ఎప్పుడు కూర్చున్నా కుర్చీని అరడుగు వెనక్కి జరుపుకునేది. కంచం బల్ల మీద ఉండేది, మనిషి వెనక ఉండేది. ముద్ద ముద్దకీ ముందుకు వంగడం, మళ్లీ వెనక్కి వాలడం. "దగ్గరికి జరగవమ్మా, మెతుకులు ఒళ్లో పడుతున్నాయి" అని నేను అనని రోజు లేదు.

"అలవాటైపోయిందక్కా. ముందుకొస్తే ఫొటోల పడ్త" అని నవ్వేది.

కావ్యా, నిఖిల్, మీరు ఫ్లాస్క్ ఆంటీ అని పిలిచేవారే, ఆవిడ. హెర్న్‌డన్‌లో అమ్మమ్మ పక్కింటి ఆంటీ పోయిందని మీ అమ్మ మెసేజ్ పెడితే, కావ్య బాతెల్ నుంచి ఏడుపు బొమ్మ పంపింది. నిఖిల్ ఎడిసన్‌లో రైలెక్కుతూ "షి వాజ్ సో నైస్" అని రాశాడు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. వేసవి సెలవుల్లో నాలుగు వారాలు వచ్చిపోయే పిల్లలకు అంతకంటే ఏం తెలుస్తుంది? ఫోన్లో ఇంతా చెప్పడం అయ్యే పని కాదు. అందుకని ఇలా కూర్చుని రాస్తున్నాను. మీకు తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మ చదివి వినిపిస్తుంది.

ఆవిడది కరీంనగర్ వైపు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో, పైదేశం నుంచి వచ్చి అక్కడే చదువుతున్న అబ్బాయిని పెళ్లి చేసుకుని వాళ్ల దేశం వెళ్లిపోయింది. పుట్టింటివాళ్లు మళ్లీ మొహం చూడలేదు. ఆ దేశం పేరు ఆవిడ నోట నేనెన్నడూ వినలేదు. "మా దిక్కు" అనేది, అంతే. నేనూ అలాగే అంటాను. కొండల దేశం, ఖుబానీ పళ్లు పండే దేశం, ఎప్పుడూ ఎవరో ఒకరు కొట్టుకుంటూ ఉండే దేశం. భర్త పోయాక ఇక్కడికి వచ్చింది. అక్కడి భాషా వచ్చు, ఇంగ్లీషూ వచ్చు కాబట్టి ఇంటర్‌ప్రెటర్ అయింది. మా నాన్న బతికుంటే దుబాసీ అనేవాడు.

చిన్నాచితకా దుబాసీ కాదు. వాళ్ల దిక్కు యుద్ధం జరుగుతోంది. వాళ్ల ప్రభుత్వానికి మన అమెరికా ప్రభుత్వం తోడు. ఇరువైపుల పెద్దలూ వాషింగ్టన్‌లో బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఏ లోయలో సైన్యం ఉండాలి, ఏ ఊళ్లో ఠాణా తెరవాలి, గవర్నరుగా ఎవరిని పెట్టాలి, బళ్లూ కోర్టులూ ఎవరు నడపాలి, ఇవన్నీ. అలాంటి మాటలన్నీ మన పక్కింటావిడ నోట్లోంచి అటూ ఇటూ వెళ్లేవి. ఆవిడ మాత్రం ఇంటికొచ్చి చెత్తబుట్ట బయట పెట్టుకునేది. ఆ గదిలో ఏమన్నారో ఒక్క ముక్క చెప్పేది కాదు. ప్రమాణం చేసిందట. ఒక్కసారి మాత్రం, నేనేమీ అడక్కుండానే, వంకాయలు కోస్తూ అంది.

"దుష్మన్లు మాట్లాడుకుంటే భయం లేదక్కా. ఉన్నదున్నట్టు తిట్టుకుంటరు. దోస్తులు మాట్లాడుకునేటప్పుడే భయం. మస్తు మర్యాదగ ఇడిసిపెడ్తరు."

నాకప్పుడు అర్థం కాలేదు. "ఉప్పు నీళ్లలో వెయ్యి, నల్లబడతాయి" అన్నాను.

నల్లకోటు, నల్ల ప్యాంటు, చెవులకు పూస కూడా ఉండేది కాదు. "కమ్మలైనా పెట్టుకో, బోసిగా ఉన్నావు" అంటే, "నేను కనవడొద్దు అక్కా, మాట ఇనవడాలె" అనేది. చల్లనీళ్లు ముట్టేది కాదు. ఎండాకాలంలో కూడా చంకలో వేడినీళ్ల ఫ్లాస్కే. "గొంతమ్ముకొని బతికేటోళ్లం. సల్లనీళ్లు తాగితే దుకాణం బంద్." టీవీలో పెద్దమనుషులు చేతులు కలుపుకుంటున్న బొమ్మ వస్తే మీ తాతయ్య కేకేసేవారు, "అమ్మాయ్, నువ్వు పడ్డావు!" అని. చూస్తే ఇద్దరి మధ్యా వెనకగా ఒక నల్లభుజం, సగం చెవి. "అదే నేను, అన్నా. ఇయ్యాల మంచిగొచ్చిన" అనేది.

కూరల దుకాణానికి చీటీ రాసుకుని వెళ్లేది. బిల్లు కట్టగానే అక్కడే నిలబడి ఆ చీటీని సన్నగా ముక్కలు ముక్కలు చింపి చెత్తబుట్టలో వేసేది. మీటింగుల్లో రాసుకున్న కాగితాలను అలా చింపాలట. చెయ్యికి అదే అలవాటు. "ఏం, కొత్తిమీర కొన్న సంగతి శత్రువులకు తెలుస్తుందా?" అని మీ తాతయ్య ఏడిపించేవారు.

విందులంటే ఆవిడకు వెట్టిచాకిరీ. పెద్దవాళ్లు తింటూ మాట్లాడుకుంటారు. వాళ్లు నమిలేటప్పుడు ఈవిడ మాట్లాడాలి, ఇంకొకరు మాట్లాడేటప్పుడు ఈవిడ వినాలి. ఇక తినేదెప్పుడు? మధ్యాహ్నం విందు అయిన రోజు తిన్నగా మన గుమ్మంలోకే వచ్చేది, ఆ నల్లకోటుతోనే. "అక్కా, ఆకలైతాంది. అన్నమున్నదా? గంటల సంది బిర్యానీ వాసన జూసుకుంట కూసున్న." పప్పూ అన్నమూ మజ్జిగా పెట్టేదాన్ని. కోటు చేతులు పైకి మడుచుకుని, ఆ అరడుగు దూరం నుంచే వంగి వంగి తినేది.

నిఖిల్, నీకు గుర్తుండాలి. ఆ వేసవి నువ్వు చెప్పకుండా సైకిలేసుకుని పెద్దరోడ్డు దాకా వెళ్లొచ్చి, నాకు మాత్రం గుట్టుగా చెప్పావు. నేను మీ అమ్మకు చెప్పేశాను. నువ్వు హాల్లో నిలబడి ఇంగ్లీషులో అరుస్తున్నావు, నేను వంటింట్లోంచి తెలుగులో అరుస్తున్నాను. ఎవరి మాటా ఎవరికీ చేరడం లేదు. ఆవిడ అప్పుడే వచ్చింది. ఏమీ అనకుండా మనిద్దరి మధ్యకు ఒక కుర్చీ లాక్కుని, కొంచెం వెనకగా కూర్చుని, ఫ్లాస్కు కింద పెట్టింది.

నువ్వు "యు టోల్డ్ మామ్! ఐ ట్రస్టెడ్ యు!" అన్నావు.

ఆవిడ నా వైపు తిరిగి నెమ్మదిగా, వార్తలు చదివినట్టు, "నువ్వు పోయి అమ్మకు చెప్పినవ్. నేను నిన్ను నమ్మిన" అంది.

నువ్వు అరిచినప్పుడు అది అల్లరిలా వినిపించింది. ఆవిడ చెప్పాక మాటలా వినిపించింది. "ఆ కార్ల మధ్య ఒక్కడివే వెళ్లావని వినగానే నా గుండె ఆగిపోయిందిరా" అన్నాను. ఆవిడ నీ వైపు తిరిగి అదే గొంతుతో, "మై హార్ట్ స్టాప్డ్" అంది. నువ్వు కాస్త ఆలోచించి, "నో. యువర్ హార్ట్ డిడ్ నాట్ స్టాప్" అన్నావు. ఆవిడ నా వైపు తిరిగి, మొహంలో ఏ మార్పూ లేకుండా, "లేదు, నీ గుండె ఆగలే" అంది. కావ్య సోఫా మీద పడి పడి నవ్వింది. నువ్వూ నవ్వావు. నేనూ నవ్వాను. ఆవిడొక్కతే నవ్వలేదు, పనిలో ఉంది కదా.

తర్వాత నేనడిగాను, వాడు ఇలా అన్నాడు అని చెప్పకుండా నేను నేను అంటావేమిటని.

"గదే మా పద్ధతక్కా. ఎవలు మాట్లాడ్తె వాళ్లే నేను. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తియ్యొద్దు. తిట్టు తిట్టు లెక్కనే పోవాలె, దండం దండం లెక్కనే పోవాలె."

ఆ పద్ధతి ఆవిడ ఎన్నడూ తప్పలేదు. ఒక్కసారి తప్పింది. అది మన వంటింట్లోనే జరిగింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఆవిడకు ఈ లోకంలో మిగిలిన సొంత మనిషి ఒక్కతే, ఆడబిడ్డ. భర్త చెల్లెలు. కొత్తకోడలిగా భాష రాని దేశానికి వెళ్లినప్పుడు, అత్తింట్లో అందరూ ఈ పరాయి పిల్ల ఏమిటని ఎడమొహం పెట్టుకుంటే, ఆ ఆడబిడ్డ పక్కన పడుకోబెట్టుకుని మాట మాటా నేర్పిందట. "మా అమ్మ గడప తొక్కనియ్యలే. ఈమె ఒళ్లె పండవెట్టుకున్నది" అనేది. వాళ్ల దిక్కున ఒక లోయలోని చిన్న ఊళ్లో ఆడపిల్లల బడి నడిపేది ఆ ఆడబిడ్డ. ఆమెకు ఒక్కతే కూతురు.

ప్రతి ఆదివారం పొద్దున ఆవిడ మన వంటింట్లోకి వచ్చి, ఫోను పోపుల డబ్బాకు ఆనించి నిలబెట్టేది. ఇక్కడ మనకు టిఫిను వేళ, అక్కడ వాళ్లకు సాయంత్రం. ఆడబిడ్డ తెర మీదికి రాగానే ముందు నన్నే పలకరించేది, ఈవిడ నేర్పిన తెలుగులో, "తిన్నావా అక్కా?" అని. ఆ ఒక్క మాటే వచ్చు. ఇక అక్కడి నుంచి ముగ్గురం మాట్లాడుకునేవాళ్లం. డాబా మీద ఎండబెట్టిన ఖుబానీలు చూపించేది. నేను పెసరట్టు తిప్పి చూపించేదాన్ని. నేను ఏమన్నా ఆడబిడ్డకు చేరేది, ఆమె ఏమన్నా నాకు చేరేది. ఆ ఆడబిడ్డ ఒకసారి నాతో, "మా వదిన మీ ఇంట్లో తిని లావైంది, నాకు కుళ్లుగా ఉంది" అంది. ఈవిడ అది కూడా నేను నేను అనుకుంటూ చెప్పింది. తన లావు గురించి తనే తిట్టుకున్నట్టు ఉంది, నవ్వలేక చచ్చాను.

ఆ ఆదివారం కూడా అలాగే మొదలైంది. ఆడబిడ్డ బడికి కొత్త కిటికీలు పెట్టిస్తున్నానని చూపించింది. తర్వాత నవ్వు ఆపి ఏదో అడిగింది. రెండు మూడు ముక్కలే. అడిగి, జవాబు కోసం చూస్తూ ఉండిపోయింది.

ఈవిడ పొయ్యి దగ్గర నిలబడి ఉప్మా కలుపుతోంది. గరిటె ఆగింది.

నేను అలవాటుగా ఆవిడ మొహంలోకి చూశాను, మాట నాకు చేరుతుంది కదా అని. రాలేదు.

"ఏమంటోంది?" అన్నాను.

"ఏం లేదక్కా."

ఆ తర్వాత ఫోను వైపు తిరిగి ఏదో చెప్పింది. మధ్యలో దగ్గింది. నాకు తెలుసు, అది దగ్గు కాదు. చెప్పడం అయ్యాక, ఈసారి మాత్రం నాకు చేరవేసింది. "నాకు పాణం బాగలేదు, చేసేటోళ్లు లేరు, బిడ్డను ఈ వారమే పంపియ్యి అంటున్న."

అప్పుడే రెండు పెసరట్లు తిని, ఉప్మాకు కాచుకుని ఉన్న మనిషి. ఏం జబ్బమ్మా అని అడగబోయాను. ఆ పిల్లకు ఇక్కడ చదువుకోవడానికి వీసా అప్పటికే వచ్చింది. క్లాసులు మొదలవడానికి చాలా రోజులుంది. తోడుకోసం ముందే రమ్మంటోంది కాబోలు అనుకున్నాను.

తెర మీద ఆ ఆడబిడ్డ వదిన మొహంలోకి చాలాసేపు చూసింది. వెళ్లేముందు నా వైపు తిరిగి "తిన్నావా అక్కా?" అంది. ఎప్పుడూ వస్తూ అనేది, ఆ రోజు పోతూ కూడా అంది. ఆమెకు వచ్చిన తెలుగు అదొక్కటే కదా.

పిల్ల వచ్చింది. వచ్చిన కొద్ది వారాలకే ఆ లోయలోని సైనిక ఠాణాలు ఎత్తేస్తున్నట్టు వార్త వచ్చింది. భద్రతనూ పాలననూ స్థానిక పెద్దలకు అప్పగించేందుకు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయట. వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. ఆ తర్వాత అవతలి పక్షం లోయలోకి దిగింది. బడి కాలిపోయింది. ఆడబిడ్డా, ఆమె భర్తా, మంచం పట్టిన ముసలి అత్తగారూ ఇంట్లోనే పోయారు.

కబురు వచ్చిన రోజు నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆవిడ ఆ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. పిల్ల వీపు మీద చెయ్యి అలా పైకీ కిందికీ రాస్తూనే ఉంది, నేను వచ్చింది కూడా తెలియకుండా.

ఆ తర్వాత మళ్లీ ఒక విడత మాటలు జరిగాయి. ఆవిడ వెళ్లింది. నాకు తెలియదు. మధ్యాహ్నం దాటాక నల్లకోటుతో గుమ్మంలో నిలబడి, "అన్నమున్నదా అక్కా?" అంటే అప్పుడు తెలిసింది.

"వెళ్లావా? సెలవు పెట్టాల్సింది కదమ్మా! నీవాళ్లు పోయారని అక్కడ ఎవరికీ తెలియదా?"

"కాగితాలల్ల ఉన్నది. బల్ల కాడ కూసున్నోళ్లకు ఎవలికి యాదుంటది?" కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుంది. "సెలవు పెడ్తె ఇంకొకల్ల పంపిస్తరు. ఆమె ముచ్చట వస్తదని ఎరుకే. ఎవలో వచ్చి ఎట్ల చెప్తరో ఏమో. నేను చెప్తె మంచిగ చెప్త గద అనుకున్న."

పప్పు కలుపుకుంది. ముద్ద తీసుకుని, పెట్టుకోకుండా పట్టుకుంది.

"ఈ దిక్కు పెద్దమనిషి లేసి నిలబడి, లోయల పోయినోళ్ల కుటుంబాలకు నా సానుభూతి అన్నడు. గది టీవీల గూడ వచ్చింది, దాసేదేం లేదు. నేను ఆ దిక్కు మంత్రికి చెప్పిన, నా సానుభూతి అని. మంత్రి గుండె మీద చెయ్యి వెట్టుకొని, ఆ కుటుంబాల తరఫున నేను అందుకుంటున్న అన్నడు. నేను మర్లి ఈయనకు చెప్పిన, నేను అందుకుంటున్న అని. ఇచ్చింది నా నోటితోటే, అందుకున్నది నా నోటితోటే. నాకు మాత్రం ఎవ్వలియ్యలే అక్కా."

గరిటె పక్కన పెట్టి, "నేనిస్తున్నానమ్మా" అన్నాను.

ఆవిడ నా వైపు చూసి ఒక్క క్షణం ఆగింది, నేనింకా ఏమైనా అంటానేమో, మాట పూర్తయ్యాక అందుకుందామన్నట్టు. నేను ఇంకొంచెం పప్పు వడ్డించాను. తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. మజ్జిగ కూడా పోయించుకుని తింది. కంచం కడిగి బోర్లించి వెళ్లింది.

ఆ ఏడాదే ఆ పెద్ద పనులు మానేసింది. ఆసుపత్రుల్లో, క్లినిక్కుల్లో, వాళ్ల దిక్కు నుంచి శరణు కోరి వచ్చిన ఆడవాళ్లకు డాక్టర్ల దగ్గర మాట సాయం చేసేది. డబ్బు తక్కువ. "గీడనే మంచిగున్నదక్కా. నొప్పి యాడున్నదంటే యాడున్నదో గాడనే సూపెడ్తరు" అనేది.

పిల్ల ఆవిడ దగ్గరే ఉండి చదువుకుంది, ఉద్యోగంలో చేరింది. అత్త దగ్గర తెలుగు కూడా నేర్చుకుంది, కరీంనగర్ యాసలోనే. ఇద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టేవాళ్లు. కానీ వాళ్లింట్లో ఆ ఊరి పేరు, ఆ ఆదివారం ఊసు ఎన్నడూ రాలేదు. నేను చాలాసార్లు చూశాను. సాయంత్రాలు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగేవాళ్లు. ఒకరు ఏదో అనబోయేవాళ్లు. రెండోవాళ్లు బిస్కెట్ల డబ్బా జరిపేవాళ్లు.

పోయిన చలికాలం కడుపులో జబ్బు బయటపడింది. మందు ఎక్కించుకోవడానికి వెళ్లిన ఒక రోజు పిల్లకు ఆఫీసు ఉండి నేను తోడు వెళ్లాను. చేతికి సూది పెట్టి నర్సు అటు వెళ్లగానే, పైకప్పు వైపు చూస్తూ అంది.

"అక్కా, ఆ ఆదివారం నాకు ఎరుకే."

నేను చెయ్యి పట్టుకున్నాను.

"గదిల ఏమనుకున్నరో ఇప్పుడు గూడ చెప్ప. ఆమె ఏమడిగిందో చెప్త, అది ఆమె మాట. 'వాడకట్టంత నా ఇల్లు జూస్తున్నది వదినా. మీ వదిన పెద్దోళ్ల కాడ ఉంటది గద, మీరు సామాన్లు సర్దుతున్నరా అని రోజూ అడుగుతున్నరు. ఉండాల్నా, పోవాల్నా?' అని అడిగింది. పో అని ఒక్క మాట అంటే అయిపోతుండె. అంటే, ఆ ఠాణాలల్ల ఉన్న పోరగాండ్లు సర్దుకొని బయటపడకముందే ముచ్చట లోయంత తెలుస్తది. వాళ్ల పాణాలు వోతయి. ప్రమాణం అందుకే చేపిస్తరు. బిడ్డనొక్కదాన్ని గుంజుకొచ్చుకున్న. నేను గమ్మునుంటే భయం లేదనుకున్నది అక్కా. నా నోరు జూసి ఉండిపోయింది. నన్ను జూసి ఆమె, ఆమెను జూసి వాడంత."

"నీకు నువ్వు అనుకుంటున్నావమ్మా అలా" అన్నాను. వట్టి మాట. ఆవిడ విని, ఎప్పటిలాగే ఆ క్షణం ఆగి, తల అటు తిప్పుకుంది. "పిల్లకు చెప్పకు" అని ఆవిడ అనలేదు. చెప్పమని కూడా అనలేదు.

వసంతం రాకుండానే పోయింది. భర్త వైపు పద్ధతి ప్రకారం ఇక్కడి ముస్లిముల శ్మశానంలోనే మట్టి చేశారు.

నాలుగో రోజు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. చాయ్ పెట్టాను. ముట్టుకోలేదు.

"ఆంటీ, ఆ సండే గురించి అత్త మీకు ఏమన్న చెప్పిందా?"

నేను చాయ్ కప్పు తన వైపు జరిపాను. ఆ పిల్లే చెప్పడం మొదలుపెట్టింది.

"మా అమ్మకి తెల్సు ఆంటీ. కాల్ కట్ కాంగనే నా సూట్‌కేస్ తీసింది. 'మీ అత్త నాకు ఎప్పుడు అబద్ధం చెప్పలే. ఇయ్యాల చెప్పింది. సర్దు' అన్నది. ఆ రాత్రే ఎవ్రీ హౌస్‌కి పోయింది, మా లేన్‌ల. ఎందుకు అని చెప్పలే, జస్ట్ పోండ్రి అన్నది. మస్తు మంది వెళ్లిపోయిండ్రు. వాళ్లల్ల సగం మంది ఇప్పుడు జర్మనీల ఉన్నరు, నాకు ఫోన్ చేస్తరు. మా నానమ్మను బెడ్ మీదికెళ్లి లేపలేం. అందుకని అమ్మ, నాన్న ఉన్నరు. అది అమ్మ డిసిషన్. తెల్సే ఉన్నది."

కుర్చీలో కూర్చున్నాను.

"మరి మీ అత్తకు ఎందుకు చెప్పలేదమ్మా, ఇన్నేళ్లలో?"

"ఎట్ల చెప్త ఆంటీ? చెప్తె, అత్తా నీ ఫేస్ చూసి మా అమ్మకు సీక్రెట్ తెల్సిపోయింది అని చెప్పినట్టే గద. నలభై ఇళ్లకు తెల్సింది అని చెప్పినట్టే గద. ఒక్క మాట బయట పెట్టలేదు అని ఆమెకి ఎంత ప్రౌడ్ ఉండె. అదొక్కటే ఉండె ఆమెకి. అది నేను తీసుకోవాల్నా?" కళ్లు తుడుచుకుంది. "అడిగితే చెప్దాం అనుకున్న. షి నెవర్ ఆస్క్‌డ్. అడగలేదంటే షి ఈజ్ ఓకే అనుకున్న. షి వాజ్ ఓకే, గద ఆంటీ?"

పిల్లలూ, ఆ క్షణంలో నాకు అవునమ్మా అని చెప్పేయాలనిపించింది. మాట నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల ప్రశాంతంగా ఇంటికి వెళ్లి నిద్రపోయేది. కానీ ఆ ఇంట్లో ఒకరి మేలు కోరి ఒకరు దాచుకున్న మాటలు అప్పటికే ఎక్కువైపోయాయి. ఇంకొకటి నేను దాచలేకపోయాను. చెప్పాను. మెల్లగా, ఆవిడ మందు ఎక్కించుకుంటూ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, ఒక ముక్క కలపకుండా, ఒక ముక్క తీయకుండా. నన్ను చూసి ఆమె, ఆమెను చూసి వాడంతా, అన్న దాకా.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి కారు తాళాలు తీసుకుంది. నేనూ కోటు వేసుకున్నాను.

శ్మశానంలో గాలి బాగా కొడుతోంది. ఇంకా రాయి పెట్టలేదు, తడిమట్టి కుప్ప, అంతే. ఆ పిల్ల దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వాళ్ల భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట గుసగుసగా. తర్వాత గబగబా. తర్వాత దెబ్బలాడుతున్నట్టుగా, మట్టి మీద అరచేత్తో కొడుతూ. అన్నేళ్లు ఆ భాష మన వంటింట్లో మోగింది కానీ నాకు ఒక్క ముక్క రాదు. ఆవిడ ఉండేది కదా, నేర్చుకునే అవసరం ఏముందనుకున్నాను. మధ్యలో అమ్మ అనే మాట మాత్రం రెండు మూడుసార్లు తెలిసింది.

అంతా చెప్పి, ఆగింది. అటువైపు నుంచి ఏదో రావాలన్నట్టు చూస్తూ కూర్చుంది. గాలి తప్ప ఏమీ లేదు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.